చేతికి అందే బండి

పాత వోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాను వెనక మూత ఎత్తగానే కొట్టొచ్చినట్టు కనిపించేది అక్కడి ఖాళీ. రేడియేటరు లేదు, నీళ్ళ గొట్టాలు లేవు, కంప్యూటర్ పెట్టె లేదు. మధ్యలో డైనమో, దాని చివర పుల్లీ, అక్కడి నుంచి కిందికి దిగే ఒక్క బెల్టు, ఓ కార్బొరేటరు, ఓ డెల్కో (డిస్ట్రిబ్యూటరు). మోకాళ్ళ మీద కూర్చున్న మనిషికి వీటిలో దేన్ని ముట్టుకోవాలన్నా మరోదాన్ని విప్పాల్సిన పని దాదాపు ఉండదు. ఇంజను బాగోగులు యజమానే చూసుకోగలడని నమ్మినవాళ్ళు చేసిన బండి ఇది.

50 ఏళ్ళు దాటిన అలాంటి బండిని వేల కిలోమీటర్ల ప్రయాణానికి సిద్ధం చేసే పనిని దగ్గరగా చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఎంచుకున్నది 1970ల తొలి ఏళ్ళనాటి రెండో తరం టైప్ 2. ఇంజను 1600 సీసీది, లోపలి ఇల్లు వెస్ట్‌ఫాలియా వాళ్ళు కట్టింది. ఈ పనిలో నన్ను బాగా ఆకట్టుకునే విషయం ఒకటుంది. ఎక్కడెక్కడ అరుగుదల వస్తుందో బండి చేసినవాళ్ళు ముందే ఊహించి, అక్కడ సర్దుబాటుకు చోటు వదిలారు. సిద్ధం చేసే మెకానిక్ ఆ చోట్లను ఒక్కొక్కటిగా పట్టుకుని వాళ్ళు మొదలుపెట్టిన పనినే కొనసాగిస్తాడు. వాళ్ళూ అతనూ ఎన్నడూ కలుసుకోలేదు. అయినా ఇద్దరిదీ ఒకటే పని.

బండి కథ క్లుప్తంగా చెప్పుకుందాం. 1947 ఏప్రిల్ 23న డచ్ కార్ల వ్యాపారి బెన్ పోన్ తన నోటుబుక్కులో ఒక పెట్టె బొమ్మ గీశాడు. ముందు డ్రైవరు, వెనక ఇంజను, మధ్యలో సరుకు. బీటిల్ కారు యంత్ర భాగాలతో ఆ పెట్టె 1950లో వోల్ఫ్స్‌బర్గ్‌లో తయారీకి వచ్చింది, 1956లో హనోవర్ ఫ్యాక్టరీకి మారింది. ఒకే పలకగా ఉండే ముందు అద్దంతో రెండో తరం 1967లో వచ్చింది. అది జర్మనీలో 1979 దాకా, కొన్ని మార్పులతో బ్రెజిల్‌లో 2013 దాకా తయారైంది. 1844లో కమ్మరి కొలిమిగా పుట్టిన వెస్ట్‌ఫాలియా సంస్థ 1951 నుంచి ఈ వ్యాన్లలో మంచాలు, అల్మరాలు, వంటగట్లు అమర్చడం మొదలుపెట్టింది. 1960, 70లలో ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోర్ మీదుగా ఢిల్లీకి, గోవాకు, కాఠ్మండూకు రోడ్డు మార్గాన వచ్చిన యూరప్ యువతలో ఎంతోమంది ఎక్కి వచ్చింది ఈ బండే. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాక ఆ దారిని మూసేశాయి. బండ్లు మాత్రం ఆల్ప్స్ కనుమల్లో, నార్వే తీరం వెంట, అమెరికా పడమటి ఎడారుల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి.

బండిని సిద్ధం చేయడం అనగానే చాలామంది కర్టెన్లతోనో రంగుతోనో మొదలుపెడతారు. పని తెలిసినవాడు అటు నుంచి రాడు. ముందు ప్రాణం మీదికి తెచ్చేవి చూస్తాడు, తర్వాత దారిలో ఆపేసేవి, చివరికి చిరాకు పెట్టేవి. అతని పనితనంలో సగం ఈ వరసలోనే ఉంది.

ప్రాణం మీదికి తెచ్చేవాటిలో మొదటిది పెట్రోలు గొట్టం. పాత జర్మన్ గొట్టాల మీద నేసిన నూలు తొడుగు ఉంటుంది. చూడ్డానికి అది చక్కగానే ఉంటుంది. లోపలి రబ్బరు మాత్రం ఎండి, పగుళ్ళిచ్చి ఉంటుంది. అందుకే మంచి మెకానిక్ గొట్టాన్ని కంటితో చూసి వదిలిపెట్టడు, రెండు వేళ్ళ మధ్య వంచి చూస్తాడు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును ఇంకా తొందరగా తినేస్తుంది. మన దగ్గర 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక పాత స్కూటర్లు, కార్లు ఉన్నవాళ్ళకూ ఇది పట్టించుకోవాల్సిన సంగతే. ఎదురుగా కనిపించే రెండు ముక్కలు మార్చి ఊరుకుంటే చాలదు. ట్యాంకు కింద, ఇంజను గది గోడ వెనక చెయ్యి దూరని చోట ఉన్న ముక్కలు అన్నిటికంటే ముసలివి. కార్బొరేటరులోకి పెట్రోలు తెచ్చే చిన్న ఇత్తడి గొట్టం తన గూట్లో వదులైందేమో కూడా కదిపి చూడాలి. అది ఊడితే వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. ఈ ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమంతో పోసింది, ఒకసారి అంటుకుంటే నీళ్ళతో ఆరదు. ఇన్ని తెలిసినవాడు కాబట్టే గొట్టాలన్నీ ఒకేసారి మార్చి, ఆ తేదీని తలుపు లోపలి పక్క రాసిపెడతాడు. మంటలార్పే సిలిండరును వెనకెక్కడో సామాన్ల కింద కాకుండా తలుపు పక్కనే బిగిస్తాడు.

తర్వాత బ్రేకులు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు కలిసిన నూనె పల్లంలో పదేపదే బ్రేకు తొక్కినప్పుడు మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్ల ఎత్తున ఉంది, ఒక్క ఈశాన్యం పక్కనే 48 వంపులు. నిండుగా సామాను ఎక్కించుకున్న వ్యాను అక్కడ దిగుతున్నప్పుడు ఆ నూనె వయసెంతన్నది చాలా పెద్ద ప్రశ్న. అందుకే పాతది మొత్తం తీసి కొత్తది నింపి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీసేస్తారు. దాంతోపాటు చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలూ మారుస్తారు. అవి లోపల ఉబ్బితే బ్రేకు పడుతుంది గానీ వెంటనే వదలదు. పైకి ఏ గుర్తూ కనిపించదు.

టైరు విషయంలో పూల లోతు చూసి మోసపోకూడదు. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ అచ్చు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఏడాదిలో నెల్లాళ్ళు మాత్రమే తిరిగే క్యాంపరు టైర్లు అరగక ముందే ముసలివైపోతాయి. బరువు మోసే వ్యాన్లకు 185 ఆర్ 14 సి రకం వేయాలి. ఆ చివరి అక్షరం లేని కారు టైరు అదే కొలతలో దొరికినా ఈ బండికి పనికిరాదు. మంచం, అల్మరా, నీళ్ళ ట్యాంకు, పైకప్పు, మనుషులు అన్నీ కలిసి పడే భారం ఆ నాలుగు రబ్బరు గోడల మీదే.

ప్రాణానికి సంబంధించింది ఇంకొకటి ఉంది. ఈ బండిలో చలికాచుకునే వేడిగాలి పొగగొట్టం చుట్టూ తిరిగి లోపలికి వస్తుంది. ఆ వేడి పెట్టెల రేకు తుప్పుకు చిల్లులు పడితే కార్బన్ మోనాక్సైడ్ గాలితోపాటు మనుషుల మధ్యకు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. అందుకని ఆ పెట్టెలను కింద నుంచి సుత్తి పిడితో తట్టి, మోత తేడాను బట్టి రేకు బలం కనిపెడతారు. మంచం తలాపి దగ్గర ఒక అలారం పెడతారు. వంట గ్యాసు గొట్టం కీళ్ళ దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. ఇవన్నీ పూర్తయ్యాకే పని రెండో అంచెకు వెళుతుంది.

ఇక్కడే ఈ బండి చేసినవాళ్ళ తెలివి నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్యాన్ బెల్టు చూడండి. చల్లబరిచే పెద్ద ఫ్యాను డైనమో ఇరుసు మీదే కూర్చుంటుంది. బెల్టు తెగితే ఫ్యాను ఆగుతుంది. ఫ్యాను ఆగితే కొద్ది నిమిషాల్లో ఇంజను కాలిపోతుంది. డైనమో కూడా అదే బెల్టుతో తిరుగుతుంది కాబట్టి డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్ ఎర్రదీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగితే బండిని అక్కడికక్కడే పక్కకు తీసి ఆపాలి. మరి ఆ బెల్టు బిగువు ఎలా సర్దుతారు? డైనమోను పక్కకు లాగే బ్రాకెట్టు ఇక్కడ లేదు. పుల్లీయే రెండు పళ్ళాలుగా విడిపోతుంది. రెండు పళ్ళాల మధ్య పల్చటి వాషర్లు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి తీస్తే పళ్ళాలు దగ్గరవుతాయి, మధ్యలోని గాడి ఇరుకై బెల్టు పైకి జరుగుతుంది, బిగుసుకుంటుంది. ఒకటి చేరిస్తే వదులవుతుంది. బొటనవేలితో నొక్కితే సుమారు 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అది సరైన బిగువు.

మధ్య నుంచి తీసిన వాషరును పారేయరు, జేబులో వేసుకోరు. అదే ఇరుసు మీద, బయటి పళ్ళానికీ నట్టుకూ మధ్య పెట్టి బిగిస్తారు. రేపు కొత్త బెల్టు వేసినప్పుడు కావలసిన వాషరు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, పుల్లీ మీదే ఉంటుంది. లోపలి పళ్ళెం అంచున ఒక గంటు కోసి ఉంటుంది. అందులో స్క్రూడ్రైవరు దూర్చి డైనమో బోల్టుకు ఆనిస్తే పుల్లీ తిరగకుండా నిలుస్తుంది, 21 నంబరు పానాతో నట్టు విప్పుకోవచ్చు. రోడ్డు పక్కన, ఇంకొకరి సాయం లేకుండా, రెండంటే రెండు పనిముట్లతో బెల్టు మార్చుకునేలా ఎవరో కూర్చుని ఆలోచించారు. పాత బండి పుల్లీ మీద లెక్క ప్రకారం వాషర్లన్నీ ఉన్నాయంటే, ఇన్నేళ్ళూ దాన్ని చూసుకున్న మెకానిక్‌లు ఒకరి తర్వాత ఒకరు ఆ ఆలోచనను గౌరవించారని అర్థం.

టాపెట్ సెట్టింగ్ అంతే ముచ్చటైన పని. అంబాసిడర్, జీపు మీద పని నేర్చిన మన మెకానిక్‌లకు ఇది కొత్త కాదు, ఫీలర్ గేజ్ పట్టుకున్న చెయ్యి ఏ దేశంలోనైనా ఒకేలా కదులుతుంది. ఇంజను రాత్రంతా చల్లారి ఉండాలి. టాపెట్ కవరుకు బోల్టులు లేవు, ఒక వంపు తిరిగిన తీగ పట్టి ఉంచుతుంది, స్క్రూడ్రైవరుతో ఎత్తితే పక్కకు జారుతుంది. బెల్టు కింది కొసన ఉన్న ఇంజను పుల్లీ అంచున గీత ఉంటుంది. ఇంజను కేసు రెండు సగాలు కలిసే అతుకే ఆ గీతకు సూచిక. దానికోసం వేరే ముల్లు పెట్టలేదు. గీత అతుకుకు ఎదురుగా వచ్చాక డెల్కో మూత తీసి చూసినప్పుడు లోపలి రోటరు అంచు మీది గంటు వైపు తిరిగి ఉంటే, ఒకటో సిలిండరు సిద్ధంగా ఉందన్నమాట. దాని రెండు వాల్వులు సర్ది, పుల్లీని అరచుట్టు వెనక్కి తిప్పితే రెండోది, మరో అరచుట్టుకు మూడోది, ఆపైన నాలుగోది. సిలిండర్లు మండే వరస 1, 4, 3, 2. వెనక్కి తిప్పుతాం కాబట్టి లెక్క 1, 2, 3, 4గా సాఫీగా వస్తుంది.

0.15 మిల్లీమీటరు రేకు సందులోకి దూరాలి. వదులుగా పోకూడదు, ఇరుక్కోకూడదు, కొద్దిగా పట్టి పట్టి జారాలి. అది వేళ్ళకు తెలుస్తుంది. సర్దిన మరను కదలకుండా పట్టుకుని 13 నంబరు పానాతో లాక్‌నట్టు బిగించగానే సందు మళ్ళీ కొంచెం మారుతుంది. అందుకే బిగించాక మళ్ళీ రేకు పెట్టి చూస్తారు. సందు మరీ ఇరుకైతే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకుని తన పీటకు ఆనినప్పుడే వాల్వు వేడి వదులుకుంటుంది. ఆనకపోతే కాలిపోతుంది. ఎనిమిది వాల్వులకూ కనిపించిన సందును మంచి మెకానిక్ పుస్తకంలో రాసుకుంటాడు. ఏ వాల్వయినా చూసిన ప్రతిసారీ బిగుసుకుంటూ ఉంటే దాని కాడ సాగుతోందని హెచ్చరిక. సాగేది ఏదో ఒకనాడు తెగుతుంది, తెగితే పిస్టన్‌ను బద్దలు కొడుతుంది. ఆ ఒక్క అంకె ఊరు దాటక ముందే హెడ్డు విప్పించి ప్రయాణాన్ని కాపాడుతుంది. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికంటే గౌరవించాల్సినది ఈ నోటుబుక్కే.

మూడో సిలిండరు మీద ఈ బండి మెకానిక్‌లకు ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. 1970 వరకు వచ్చిన ఇంజన్లలో నూనె చల్లబరిచే కూలరు సరిగ్గా దానికొచ్చే గాలికి అడ్డంగా ఉండేది, అది మిగతావాటికంటే ఎక్కువ కాగేది. 1971 మోడల్ నుంచి కూలరును పక్కకు జరిపి దానికి వేరే గూడు కట్టారు. ఈ ఇంజను ప్రాణమంతా గాలి దారిలో ఉంది. ఫ్యాను తోసే చల్లగాలి పై నుంచి రేకు తొడుగుల గుండా సిలిండర్ల రెక్కల మధ్యకు దిగాలి, వేడెక్కి కిందికి పోవాలి, మళ్ళీ పైకి రాకూడదు. పైగాలినీ కిందిగాలినీ వేరుచేసేది ఇంజను చుట్టూ ఉండే రబ్బరు పట్టీ. చౌకైన వస్తువే. అది ఊడిపోతే, లేదా ఎవరో ఒక రేకు తొడుగు తీసి మళ్ళీ పెట్టడం మర్చిపోతే, ఇంజను తన వేడినే తాను పీల్చుకుంటుంది. కుడివైపు సిలిండర్ల కింద ముడతలు ముడతలుగా ఉండే థర్మోస్టాట్ 65 నుంచి 70 డిగ్రీల దగ్గర సాగి గాలి తలుపులు తెరుస్తుంది. అది చెడిపోయి కారిపోయినా సాగిన స్థితిలోనే నిలిచిపోతుంది, తలుపులు తెరిచే ఉంటాయి. ఇంజను ఆలస్యంగా వేడెక్కుతుందేమో గానీ కాలిపోదు. చెడిపోయినా హాని చెయ్యని దిక్కుకే ఒరిగేలా రాసిన ఆ లెక్కకు నేను చేతులు జోడిస్తాను.

ఈ ఇంజనులో నూనె రెండున్నర లీటర్లు మాత్రమే, వేరే ఫిల్టరు లేదు, అడుగున ఒక వైరు జల్లెడ. కాబట్టి నూనె మార్చడమే వడపోత. జల్లెడ విప్పినప్పుడు దాని మీద మెరిసే పొడి ఉందా అని వెలుగులో పెట్టి చూస్తారు. దాని మూతకుండే ఆరు చిన్న నట్లను వేళ్ళ బలంతో బిగించాలి గానీ భుజం బలంతో కాదు, కేసు మెత్తటిది, మరలు పోతాయి.

కరెంటు పని విషయంలో అందరూ బ్యాటరీని చూస్తారు. అనుభవమున్నవాడు ముందు గేరుబాక్సుకూ బాడీకీ మధ్య ఉండే జడలాంటి ఎర్త్ పట్టీని చూస్తాడు. అది తుప్పు పట్టి తెగితే సెల్ఫు తీసుకునే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, ఒక్కోసారి క్లచ్ కేబులు గుండా పోయి దాన్ని వేడెక్కిస్తుంది. కేబులు ఎందుకు తెగిందో తెలియక దాన్నే మళ్ళీ మళ్ళీ మార్చుకునేవాళ్ళున్నారు. డ్రైవరు కాళ్ళ దగ్గర మొదలై వెనక ఇంజను దాకా సాగే క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ళు ఒక్కో జత అదనంగా వెంట ఉండాలి. వాటితోపాటు బెల్టు, ప్లాటినం పాయింట్లు, కండెన్సరు, రోటరు, ప్లగ్గులు, టాపెట్ కవరు ప్యాకింగులు, కొంత పెట్రోలు గొట్టం. 13, 17, 19, 21 నంబర్ల పానాలు, ఫీలర్ గేజు. ఇవన్నీ ఒక చిన్న సంచిలో పడతాయి, ఇంజను మీద రోడ్డు పక్కన చేయగలిగిన పనుల్లో చాలావాటికి ఆ సంచి చాలు.

ఇక ఇల్లు. వెస్ట్‌ఫాలియా వడ్రంగం చూడాలంటే మూతలన్నీ మూసి, బండి కదులుతున్నప్పుడు చెవి పెట్టాలి. ప్లైవుడ్ అల్మరాలు, మడిస్తే సీటు, తెరిస్తే మంచం, చేతి పంపుతో నీళ్ళొచ్చే చిన్న సింకు, మంచుపెట్టె, పైకి లేచే కప్పు, దాని చుట్టూ గుడ్డ గోడ. అంత చోటులో పగలు ఒక గది, రాత్రి మరో గది. దీన్ని సిద్ధం చేయడమంటే కొత్తవి చేర్చడం అనుకుంటారు. నిజానికి బిగించడమే ఎక్కువ. ప్రతి కీలు, గొళ్ళెం, మర ఒకసారి విప్పి, వదులైన రంధ్రంలో జిగురు రాసిన పుల్ల దూర్చి మళ్ళీ బిగిస్తారు. కప్పు గుడ్డ కుట్ల మీద మైనం రాస్తారు. కిటికీ రబ్బర్ల కింద, నేల అంచుల వెంట తుప్పు ఉందేమో వేలితో నొక్కి చూస్తారు, ఉంటే పుట్టీతో కప్పకుండా కోసి కొత్త రేకు అతికిస్తారు. బరువైన సామాను కిందా మధ్యలో, తేలికవి పైన. 1600 ఇంజను ఇచ్చేది 50 హార్స్‌పవర్. అవసరం లేని ప్రతి కిలోనూ ఎత్తు మీద ఆ ఇంజనే మోస్తుంది.

ఈ జ్ఞానమంతా ఒకప్పుడు షెడ్లలో, నోటి మాటగానే ఉండేది. విమాన పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేసి ఆ ఉద్యోగం వదిలేసిన జాన్ మ్యూర్ 1969లో "హౌ టు కీప్ యువర్ వోక్స్‌వ్యాగన్ అలైవ్" పుస్తకం తెచ్చాడు. ఎన్నడూ పానా పట్టనివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, భయం పోగొట్టి, ఒక్కో మెట్టూ చెబుతున్నట్టు రాశాడు. పీటర్ ఆష్‌వాండెన్ గీసిన బొమ్మల్లో ప్రతి నట్టూ ఎక్కడుందో తెలుస్తుంది. దాన్ని పట్టుకుని వేలమంది తమ బండి టాపెట్లు తామే సర్దుకున్నారు. యంత్రం తెరిచి ఉంచితేనే అలాంటి పుస్తకం పుడుతుంది.

అన్నీ అయ్యాక కూడా మంచి మెకానిక్ తాళాలు వెంటనే చేతిలో పెట్టడు. బండిని నింపిన సామానుతోనే నూటయాభై, రెండు వందల కిలోమీటర్లు తిప్పి తీసుకురమ్మంటాడు. కొత్త బెల్టు ఆ దూరానికి సాగుతుంది, మళ్ళీ ఒక వాషరు బయటికి వస్తుంది. చక్రాల బోల్టులు మళ్ళీ బిగుస్తాయి. రాత్రి బండి కింద పరిచిన కాగితం మీద పొద్దున మరక ఎక్కడ పడిందో చూసి ఏ ప్యాకింగు కారుతోందో చెబుతాడు. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో ముక్కుతూ లాగవద్దని, కింది గేరులోకి దిగమని చెప్పి పంపుతాడు. ఇంజను ఎంత వేగంగా తిరిగితే ఫ్యాను అంత గాలి తోస్తుంది కాబట్టి ఈ ఇంజనుకు బరువుగా, నెమ్మదిగా తిరగడమే ఎక్కువ చేటు.

ఒక వస్తువు నాణ్యతను అది చెడిపోకుండా ఎన్నాళ్ళు నడిచిందన్న దాన్ని బట్టి లెక్కగట్టడం మనకు అలవాటు. ఈ బండి ఆ కొలతను మార్చమని అడుగుతుంది. ఇది తరచూ సర్దమంటుంది, నూనె కారుస్తుంది, బెల్టు వదులు చేసుకుంటుంది. అయితే ప్రతి సర్దుబాటుకూ ఒక దారి వదిలి ఉంచింది, ఆ దారి మామూలు మనిషి చేతికి అందేంత దూరంలో ఉంది. వాడేవాడు తన చేత్తో బాగుచేసుకోగలగడం కూడా నాణ్యతే. జర్మనీలో ఎప్పుడో తయారీ ఆగిపోయిన బండి నేటికీ కొండలెక్కుతున్నదంటే, దాన్ని చేసినవాళ్ళు తర్వాతివాళ్ళ చేతులను నమ్మారు, ఆ చేతులు నమ్మకాన్ని నిలబెట్టాయి. ఇవాళ వస్తువులు చేసేవాళ్ళు ఈ బండి నుంచి నేర్చుకోవాల్సింది అదే. కొనేవాళ్ళు వాళ్ళను అడగాల్సిందీ అదే.